పరీక్ష రోజు పాయసం

“మధ్యాహ్నం పరీక్ష. మూత్రంలో మత్తుమందు ఆనవాలు దొరికితే సాయంత్రానికే ఉద్యోగం ఊడుతుంది. పరీక్ష మీకే కాదు, నాకూ ఉంది,” అన్నాడు బోటాటౌంగ్ గోదాము యజమాని, బర్మీయుడైన ఊ తిన్ మాంగ్. గోదాములో అందరూ ఆయన్ని గౌరవంగా ‘సయా’ అంటారు.

పక్కన నిలబడి తల ఊపాడు మేనేజరు సూర్యప్రకాష్. ఈ పరీక్ష ఆలోచన ఆయనదే. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే అప్పలస్వామి ఉద్యోగం పోతే ఆ సీటులో తన బావమరిది చిన్నబాబును కూర్చోబెట్టాలి. చిక్కల్లా అప్పలస్వామి బీడీ కూడా ముట్టని మనిషి కావడమే. గసగసాలు బాగా తింటే మూత్రపరీక్షలో నల్లమందు తిన్నట్టే చూపిస్తుందని ఫోనులో చదివాక గాని మేనేజరుగారి మనసు కుదుటపడలేదు. ఎంతైనా దయగల మనిషి. విషం పెట్టలేదు, పాయసం పెట్టాడు.

“అమ్మవారి ప్రసాదం అప్పలస్వామీ. నీ పేరు చెప్పి మా ఇంట్లో చేయించాను. పరీక్షకి ముందే మొత్తం నువ్వే తినాలి,” అంటూ పెద్ద క్యారేజీ చేతిలో పెట్టాడు.

అప్పలస్వామి దాన్ని కళ్లకద్దుకున్నాడు. ఇన్నేళ్లలో ఆఫీసు గదిలోంచి అతనికి టీ నీళ్లు కూడా రాలేదు.

“నాకేటి బాబూ, ఇంత పెసాదం,” అన్నాడు.

మధ్యాహ్నం అందరూ సీసాలు ఇచ్చారు. నర్సు పరీక్ష పట్టీలు చూసుకుంటూ వచ్చి యజమాని దగ్గర ఆగింది.

“సయా, మీకు కూడా పాజిటివ్ వచ్చింది. నల్లమందు.”

“నాకా? నేను పొద్దున్నించి పాయసం తప్ప ఏమీ తినలేదు.”

సూర్యప్రకాష్ గబుక్కున ముందుకొచ్చాడు. “పాయసం ఆయనెప్పుడు తిన్నారు?” అన్నాడు అప్పలస్వామితో.

“పెద్దోరికి తొలి ముద్ద ఎట్టకుండా మనమెలా తింటాం బాబూ? ఈ ఊరి మర్యాద కదేటి. ముందు సయాకెట్టినాను. మొత్తం నన్నే తినీమన్నారు గానీ, పెసాదం ఒక్కడే తినీకూడదని అందరికీ పంచీసినాను.”

నర్సు నవ్వేసింది. “పాయసమా? అందులో గసగసాలు వేసుంటారు. అయితే భయం లేదు. తిన్నవాళ్లందరికీ ఇలాగే వస్తుంది. వీళ్లెవరూ మత్తుమందు వాడినట్టు కాదు.”

ఊ తిన్ మాంగ్ మాత్రం నవ్వలేదు. మేనేజరు వైపు తిరిగాడు.

“మీ ఇంటి పాయసమేగా. మొత్తం ఇతన్నే తినమన్నారట, అదీ పరీక్షకి ముందు. మరి మీరు తిన్నారా?”

“ఎంత మాట సయా. అమ్మవారి ప్రసాదం తినకుండా ఉంటానా? అందరికంటే ముందు నేనే కడుపు నిండా తిన్నాను. దీని సంగతి నాకు మాత్రం ఏం తెలుసు?”

“అయితే మీ పట్టీ చూద్దాం,” అంది నర్సు.

ఆ సాయంత్రం గోదాములో ఒక్కరి ఉద్యోగమే ఊడింది. మూత్రంలో మత్తు ఆనవాలు బొత్తిగా దొరకనివాడిది.