తిప్పేసిన అద్దం

"ఈ అద్దం చూశావా అమ్మాయ్? వెనక నువ్వూ, పేషెంటూ ఇద్దరూ కనిపిస్తారు. ఎప్పుడు తలెత్తినా ఇందులో నా కళ్ళుంటాయి. భయపడకు."

అంబులెన్సు ఉద్యోగంలో ఆమెకది మొదటి రోజు. యూనిఫాం మడతలు కూడా ఇంకా పోలేదు. డిపోలో అప్పుడే అందరూ కొత్తమ్మాయి అని పిలవడం మొదలుపెట్టారు. డ్రైవరును మాత్రం పెద్దాచిన్నా అంతా బాబాయ్ అనే అంటారు. పదిహేనేళ్ళుగా స్టీరింగు వదలని మనిషి.

"చదివిందంతా బండెక్కగానే మర్చిపోతానేమో బాబాయ్."

"నువ్వు మర్చిపోతావు, నీ చేతులు మర్చిపోవు. గుండెకి షాకిచ్చే మిషను మీట నొక్కేముందు 'అందరూ దూరం' అని అరవాలి. ఎవరైనా సరే, నేనైనా సరే. ఇంకోటి. మన ఇంటివాళ్ళే పేషెంటయితే ఆ మాట చెప్పేసి దిగిపోవాలి. వేరే బండి వస్తుంది. చేతులు వణుకుతాయని ఆ రూలు."

"రాత్రి మా అమ్మ అదే అడిగింది. 'నాకేమైనా అయితే నువ్వే వస్తావుగా' అని. కుదరదమ్మా అంటే, 'ఇంతా కష్టపడి చదివించింది ఎవరో దారినపోయే వాళ్ళ కోసమా' అని మూతి ముడుచుకుంది."

బాబాయ్ పకపకా నవ్వాడు. సీటు పక్కనుంచి రెండు టిఫిను డబ్బాలు తీసి చూపించాడు.

"కొత్తపిల్ల వస్తోందని మా ఇంటావిడ నీక్కూడా కట్టింది. మొదటి రోజు ఎవరికీ ముద్ద దిగదే అంటే వింటేగా! నువ్వు తినకపోతే సాయంత్రం అక్షింతలు నాకు."

అంతలో కంట్రోల్ రూం నుంచి పిలుపొచ్చింది. నీళ్ళ మోటారు దగ్గర ఎవరో ఆడమనిషికి కరెంటు షాక్. పక్కవాటా వాళ్ళు ఫోన్ చేశారు. అడ్రసు పూర్తిగా చెప్పకముందే బాబాయ్ బండి స్టార్ట్ చేశాడు.

"రెండో బండి ఎక్కడుంది?" అని మాత్రం అడిగాడు.

"వంతెన అవతల. ట్రాఫిక్కులో ఇరుక్కుంది."

"అయితే మేమే వెళ్తున్నాం."

అంతే, ఇంకో మాట లేదు. పొద్దుటి మాటకారి ఏమైపోయాడో! నాలుగు వీధులు దాటేలోపు బండి మూడుసార్లు సందుల్లోకి తిరిగింది.

గుమ్మంలో ఒకాయన చేతులు నలుపుకుంటూ నిలబడి ఉన్నాడు. "నిన్ననే ఈ వాటాలో దిగామండీ. ఆవిడెవరో కూడా మాకు తెలీదు. ముట్టుకుంటే నాకూ కొడుతుందేమోనని..."

పెరట్లో తడినేల మీద పడి ఉందామె. యాభై ఏళ్ళుంటాయేమో. పిడికిట్లో వైరు అలాగే ఉంది. కొత్తమ్మాయి ముందుకు దూకబోతే బాబాయ్ భుజం పట్టి వెనక్కి లాగాడు. వంటింటి తలుపు వెనక్కి చెయ్యి పోనిచ్చి టక్కున మెయిన్ స్విచ్చి ఆపేశాడు. వెతకనైనా లేదు. అనుభవమంటే ఇదీ, అనుకుందామె.

ఇద్దరూ కలిసి పేషెంటును పొడినేల మీదికి లాగారు. నాడి లేదు. ఊపిరి లేదు. కొత్తమ్మాయి ఛాతీ తుడిచి మిషను పట్టీలు అంటించింది. షాక్ ఇవ్వమంది మిషను.

"అందరూ దూరం!"

తీరా చూస్తే బాబాయ్ పేషెంటు చెయ్యి పట్టుకునే ఉన్నాడు.

"చెయ్యి వదలండి బాబాయ్! మతి ఉండే పట్టుకున్నారా? పొద్దున చెప్పింది మీరేగా!"

అతను ఉలిక్కిపడి వదిలేశాడు. మీట నొక్కింది. ఒళ్ళు ఒక్కసారి ఎగిరిపడింది. అంతే. నాడి రాలేదు.

బండి కదిలింది. వెనక తనొక్కతే. ఛాతీ మీద రెండు చేతులూ ఆనించి నొక్కుతోంది. చెమట పేషెంటు మెడ మీద పడుతోంది. ధైర్యం కోసం తలెత్తి అద్దంలోకి చూసింది.

అద్దంలో కళ్ళు లేవు. బండి పైకప్పు ఉంది. అద్దం తిప్పేసి ఉంది.

"బాబాయ్! ఒక్కసారి వెనక్కి చూడండి. నా వల్ల కావట్లేదు!"

"లెక్కపెడుతూ నొక్కు."

"చేతులు పడిపోతున్నాయి!"

"లెక్క నేను పెడతా. నువ్వు నొక్కు. ఒకటి... రెండు... మూడు..."

ముప్పై కాగానే "గాలి!" అంటాడు. ఆమె గాలి సంచి రెండుసార్లు పిండుతుంది. మళ్ళీ ఒకటి నుంచి మొదలు. మేస్త్రీ ఇటుకలు లెక్కపెడుతున్నట్టుంది ఆ గొంతు. ఈయనది గుండా, బండరాయా? పదిహేనేళ్ళు ఈ బండి నడిపితే ఎవరైనా ఇంతేనా? రేపు తనూ ఇలాగే అయిపోతుందా?

పేషెంటు పెదాలు నల్లబడ్డాయి.

"బాబాయ్... పోయినట్టున్నారు."

లెక్క ఆగిపోయింది.

"నీకు దణ్ణం పెడతా తల్లీ, ఆపకు. ఒకటి... రెండు..."

మిషను మళ్ళీ షాక్ ఇవ్వమంది. ఇచ్చింది. వేళ్ళు మెడ మీద పెట్టింది. ముందు ఏమీ తెలియలేదు. తర్వాత చర్మం కింద దారమంత సన్నగా ఏదో కదిలింది.

"కొట్టుకుంటోంది! బాబాయ్, నాడి కొట్టుకుంటోంది!"

బండి వేగం ఇంకా పెరిగింది.

ఆసుపత్రిలో స్ట్రెచరు తలుపుల వెనక్కి వెళ్ళిపోయింది. ఇప్పుడే ఏమీ చెప్పలేమన్నాడు డాక్టరు. ఆమె కాళ్ళీడ్చుకుంటూ బండి దగ్గరికి వచ్చింది. బాబాయ్ స్టీరింగు మీద తల ఆనించి కూర్చున్నాడు. అది చూసేసరికి ఆమెకు దుఃఖమూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి.

"నా మొదటి పేషెంటు బాబాయ్. చూస్తూ ఉంటానని మాటిచ్చారు. అద్దం ఎందుకు తిప్పేశారు? ఎవరో ఏమిటో తెలియని మనిషి కోసం నా ప్రాణం పోయినంత పనయింది. మీకు చీమ కుట్టినట్టయినా లేదా?"

అతను బండి దిగాడు.

నర్సు తలుపు తీసి కేకేసింది. "కరెంటు షాక్ పేషెంటు తాలూకు ఎవరైనా వచ్చారా?"

బాబాయ్ చొక్కాకున్న బ్యాడ్జి ఊడదీసి, కొత్తమ్మాయి చేతిలో పెట్టి, నర్సు వైపు నడుస్తూ అన్నాడు: "పొద్దున నీకు డబ్బా కట్టింది ఈవిడేనమ్మా."