రెండో షోరూం

పోశవ్వ సంచి సర్దింది. రెండు చీరలు, మోకాళ్ల నూనె సీసా, స్టీలు గ్లాసు. నాంపల్లి స్టేషన్ వెనక గదిలో అంతకుమించి తీసుకుపోవాల్సింది లేదు.

కరుణాకర్ గుమ్మంలో నిలబడి తొందరపెట్టాడు. "జల్ది అమ్మా. రెండు బండ్లు చూడాలె. నచ్చిన బండ్లనే సీదా ఊరికి."

"గది తాళం ఇచ్చెయ్యాల్నా?"

"ఇచ్చెయ్. ఇంక గీడ నీకేం పని?"

తాళం ఇంటామెకు ఇచ్చేసింది. హోటల్లో గిన్నెలు తోమే పని అంతకుముందు రోజే మానేసింది. ఆటో అబిడ్స్ చేరేలోపు, తనను నడుమ దింపి పోడు కదా అని మూడుసార్లు అడిగింది. ఫికర్ చేయొద్దని కరుణాకర్ మూడుసార్లూ చెప్పాడు.

మొదటి షోరూంలో పెద్ద ఎలక్ట్రిక్ కారు. ఒక్క చార్జింగుతో నాలుగువందల యాభై కిలోమీటర్లట. సేల్స్‌మన్ ముందు సీట్లో కూర్చున్నాడు. పోశవ్వ వెనక కూర్చుంది. మొజంజాహీ మార్కెట్ దాకా పోయి వచ్చారు. ఎక్కడం, దిగడం ఎట్లా ఉందని కరుణాకర్ ఆమెనే అడిగాడు. తల్లి మోకాళ్లను చూసి కారు ఎంచే మనిషిని ఇంతవరకు చూడలేదన్నాడు సేల్స్‌మన్. కరుణాకర్ ఒంటరిగా ఒక రౌండు వేసి వస్తానంటే మాత్రం కుదరదన్నాడు.

"గిదే తీస్కో బిడ్డా. అల్కగ ఎక్కిన," అంది పోశవ్వ, బయటికొచ్చాక.

"పోల్చి చూడకుండ ఎట్ల తెలుస్తదమ్మా?"

రెండో షోరూం నాంపల్లిలో. అక్కడి సేల్స్‌మన్ భానుతేజ ఆ నెలలో ఒక్క బండీ అమ్మలేదు. గడగడా చెప్పాడు. మొదటిదానికన్నా ఇది యాభై కిలోమీటర్లు ఎక్కువ పోతుంది. గంటలోపు చార్జింగ్. డిక్కీ పెద్దది. కానీ బండి ఎత్తు. పోశవ్వ కాలు అందలేదు.

"అమ్మ గీడనే కూసుంటది. నేను తిప్పి తెస్త," అన్నాడు కరుణాకర్. లైసెన్స్ ఇంట్లో మరిచానన్నాడు.

భానుతేజ కుర్చీలోని ముసలామెను చూశాడు. తల్లిని కూర్చోబెట్టి పోయేవాడిని లైసెన్స్ అడగడమేంటి అనుకున్నాడు. అప్పుడే ఇంకో కుటుంబం లోపలికి వచ్చింది. తాళం ఇచ్చేశాడు.

డిక్కీలో సామాను ఎంత పడుతుందో చూస్తానని కరుణాకర్ ఆమె సంచి కూడా తీసుకుపోయాడు.

"ఎంతసేపట్ల వస్తవ్ బిడ్డా?"

"పది నిమిషాలు."

గంటైంది. భానుతేజ ఫోన్లో, బండి ఎక్కడుందో చూపే చుక్క అఫ్జల్‌గంజ్ దగ్గర మాయమైంది. కరుణాకర్ ఫోన్ స్విచాఫ్. రెండు గంటలైంది. పోశవ్వ మంచినీళ్లు కూడా వద్దంది. బాత్రూంకు లేచింది లేదు. తాను కనబడకపోతే అతను వెతుక్కుంటాడట.

మేనేజర్ శ్యామ్‌సుందర్ వచ్చి భానుతేజను రేపటినుంచి రావద్దన్నాడు. తర్వాత ఆమెవైపు తిరిగాడు.

"ఏం కొడుకమ్మా? కన్నతల్లినే కుదువ వెట్టి పోయిండు."

"వస్తడు సారూ. నన్ను ఇడిచిపోనని ఒట్టేసిండు," అంది పోశవ్వ. ఆమె కళ్లు గాజు తలుపు మీదే ఉన్నాయి.

సాయంత్రానికి కానిస్టేబుల్ వచ్చాడు. కాగితం తీసి కొడుకు పేరు, ఎప్పుడు పోయాడో సరిగ్గా చెప్పమన్నాడు. ఆమె చెప్పింది. అతను రాయలేదు. మళ్లీ అడిగాడు. ఆమె మళ్లీ అదే చెప్పింది.

కరుణాకర్‌ను మూడు రోజుల కిందటే ఒక టీ బండి దగ్గర మొదటిసారి చూసిన పోశవ్వకు ఉన్న ఒక్క కొడుకు పరశురాం, 2011 మార్చి నాలుగున బొంబాయి రైలెక్కి, తిరిగి రాలేదు.