ఒక అలకు ఒక్కడే

"అదిగో, మళ్లీ తగులుకున్నాడు జలగ!" అన్నాడు మెకానిక్.

అల వచ్చింది. బక్కోడు బోర్డు మీద బోర్లా పడుకుని రెండు చేతులా నీళ్లు తోశాడు. సరిగ్గా అప్పుడే ఆ నడివయసు మనిషి తన బోర్డుని పక్కకి తెచ్చి, అదే అల ఎక్కాడు. ఇద్దరూ కలిసి లేవబోయారు, కలిసే పడ్డారు.

బక్కోడు, మెకానిక్, లెక్కల మాస్టారు చిన్నప్పుడు ఒకే బెంచీలో కూర్చున్నవాళ్లు. పెళ్లాం పిల్లల్ని ఇళ్లల్లో వదిలేసి, వారం రోజులు సర్ఫింగ్ నేర్చుకుందామని ఈ సముద్రానికి వచ్చారు. గోరువెచ్చని నీళ్లు, కావాల్సినన్ని అలలు. పానకంలో పుడకలా ఈ జలగ ఒక్కడే.

మొదటి రోజు నుంచీ ఇదే వరస. ఎక్కడా చోటు లేనట్టు బక్కోడి పక్కనే తేలతాడు. నవ్వడు, మాట కలపడు. బక్కోడు మునిగితే తనూ మునుగుతాడు.

"ఏం సార్, ఇంత సముద్రంలో మీకు మావాడే దొరికాడా?" అని మాస్టారు ఓసారి అడిగేశాడు.

"ఇక్కడ బాగుందండీ," అన్నాడతను. అంగుళం కదిలితే ఒట్టు.

మెకానిక్‌కీ మాస్టారికీ నిలబడటం వచ్చేసింది. అల మీద ఒడ్డు దాకా వచ్చేస్తున్నారు. బక్కోడికే రాలేదు. సాయంత్రాలు లాడ్జి గదిలో తడి నిక్కర్లు కిటికీ ఊచలకి ఆరేసుకుంటూ వాళ్లిద్దరూ ఆ గొప్పలే చెప్పుకునేవాళ్లు. బక్కోడు మంచం అంచున కూర్చుని పాదాలకంటిన ఇసుక దులుపుకునేవాడు.

"ఒక్కసారి నిలబడితే చాల్రా. ఈ ఏడాది నేల మీద కూడా సరిగ్గా నిలబడ్డట్టు లేదు నాకు," అన్నాడు.

వాళ్లు పకపకా నవ్వారు. వాడి నోటంట ఎప్పుడూ జోకులేగా! నీళ్లలో బోర్లా తేలి, శవంలా బిగుసుకుని, రోజుకొకసారైనా వాళ్లని హడలగొట్టేవాడు.

"నీ తప్పేం లేదు. ఆ జలగ ఉన్నంతకాలం నీకు అల దక్కదు," అన్నాడు మెకానిక్.

బక్కోడు ఏదో చెప్పబోయి నీళ్లు నమిలాడు.

మర్నాడు ఆఖరి రోజు. పొద్దున్నే మిత్రులిద్దరూ కోచ్ దగ్గర పంచాయితీ పెట్టారు.

"ఒక అలకు ఒక్కడే అని మీరే చెప్పారు. ఇంకొకడు ఎక్కితే దొంగతనమేనని కూడా అన్నారు. మరి ఈయనకి ఆ రూలు లేదా?"

కోచ్ జలగ వైపు తిరిగాడు. "నేనూ చూస్తున్నాను సార్. ఇవాళ మీరు నీళ్లలోకి దిగొద్దు."

అతను బక్కోడి వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఏరా, నువ్వు చెప్పు. ఉండమంటావా ఈయన్ని?" అన్నాడు మాస్టారు.

బక్కోడు మిత్రుల మొహాలు చూశాడు. తల దించుకున్నాడు.

"ఇవాళొక్కరోజు... ఒక్కణ్ణే వెళ్తానండీ."

జలగ వంగి, కాలికి కట్టుకున్న బోర్డు తాడు విప్పాడు. ముడి చిన్నదే గానీ చాలాసేపు పట్టింది.

"ఒడ్డునైనా ఉండొచ్చా?" అని అడిగాడు.

"ఉండండి, ఒడ్డు మా తాతల ఆస్తా!" అన్నాడు మెకానిక్. "పదండ్రా, శని వదిలింది!"

కాసేపటికే బక్కోడు నిలబడ్డాడు. చేతులు బార్లా చాపి, నోరంతా తెరుచుకుని నవ్వుతూ అల మీద నిలబడ్డాడు. ఎంత ముద్దొచ్చాడో! మిత్రులిద్దరూ ఈలలు వేశారు.

చాపిన చేతులు చాపినట్టే కొయ్యబారాయి. మనిషి పక్కకి ఒరిగిపోయాడు.

అక్కడ నడుం లోతు నీళ్లే. బోర్డు తేలింది. దాని పక్కన వాడి వీపు తేలింది.

"మొదలెట్టాడ్రా వేషాలు!" మెకానిక్ చప్పట్లు కొట్టాడు.

"లేవరా, ఇవాళ భయపడేవాళ్లెవరూ లేరిక్కడ!" అన్నాడు మాస్టారు.

ఇంకో అల వాడి మీదుగా వెళ్లింది. వీళ్లు నవ్వుతూనే ఉన్నారు. ఒడ్డున తొడుక్కున్న ప్యాంటూ చొక్కాతోనే పరుగెత్తుకొచ్చిన జలగే వాణ్ణి ముందు పట్టుకున్నాడు.

"నీకెందుకయ్యా మధ్యలో..." అనబోయిన మెకానిక్, బక్కోడి మొహం చూసి ఆగిపోయాడు.

ఆసుపత్రిలో డాక్టరు ఎక్కువసేపు చూడలేదు. ప్రాణం దారిలోనే పోయిందన్నాడు.

వరండాలో మెకానిక్ గోడకి తల బాదుకుంటున్నాడు. చివరి బెంచీ పక్కన, నేల మీద, జలగ కూలబడి ఉన్నాడు. అతని బట్టల్లోంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. ఇతను పోలేదేమిటి అనుకున్నాడు మాస్టారు. ఎవరూ పలకరించలేదు.

మాస్టారి చేతిలో బక్కోడి ఫోను మోగింది. వాడి భార్య.

"మాస్టారూ, మీరా? ఆయనేరి?"

"అమ్మా... నీళ్లలో పడ్డాడమ్మా. ఆసుపత్రిలో ఉన్నాం."

"అయ్యో! మళ్లీ ఫిట్స్ వచ్చాయా?"

"ఫిట్సా?"

"మీకింకా చెప్పలేదా! ఏడాది నుంచీ వస్తున్నాయండీ. మీకు తెలిస్తే చిన్నతనమని ఆయన బాధ. ఒంటరిగా నీళ్లలో దిగనని నా మీద ఒట్టేశాకే పంపించాను."

మాస్టారు గోడ పట్టుకున్నాడు.

ఆమె తనకు తానే ధైర్యం చెప్పుకుంటున్నట్టు గబగబా అంటోంది. "ఏం కాదులెండి. మా పెద్దన్నయ్య ఓడ పనికి సెలవు పెట్టి మరీ వచ్చాడుగా. మా పెళ్లప్పుడు ఓడ మీదున్నాడు, మీరు చూసుండరు. మీ ముందు ముక్కూ మొహం తెలియనట్టు ఉండాలని ఈయన షరతు. అయినా అన్నయ్య ఈయన పక్కనుంచి కదలడు. ఒక్కసారి ఫోను మా అన్నయ్యకివ్వండి."