సొరుగుల బల్ల

"ఈ సొరుగు నిన్న నువ్వే కదరా బిగించింది?"

కాలి బొటనవేలు పట్టుకుని స్టూలు మీద కూలబడ్డాడు గుమాస్తా. సొరుగు లాగగానే పిడి చేతిలోకి, అడుగుపలక కాలి మీదికి వచ్చాయి.

"నేను బిగించింది పైది. కిందది నీదే," అన్నాడు కాంపౌండరు, చేతిలోని ఉప్పుకాగితం దించకుండా.

ఇద్దరూ ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్ళు. ఒకే ఏడాది ఉద్యోగాలకు దండం పెట్టి ఇళ్ళకు చేరారు. ఇళ్ళు పక్కపక్కనే, మధ్యనున్న రేకుల షెడ్డు ఉమ్మడి. ఒకరోజు పాత సామాన్ల కొట్టు ముందు నడుస్తుంటే, మూల పడేసిన ఓ రాతబల్ల మీది పచ్చరంగును కాంపౌండరు గోటితో గీకి, లోపల ఉన్నది టేకు అని కనిపెట్టాడు. కొట్టువాడు పీడ వదిలిందనుకుని దాన్ని తనే బండికెత్తించాడు. వడ్రంగిని గడప తొక్కనివ్వకూడదని, అంతా తమ చేతులతోనే చెయ్యాలని స్నేహితులిద్దరూ పంతం పట్టారు.

మొదట్లో పని పండగలా సాగింది. గుమాస్తా ఊడదీసిన ప్రతి ముక్కకీ, ఫైళ్ళకు వేసినట్టు, సుద్దతో నంబరు వేశాడు. కాంపౌండరు వార్నిష్‌ను దగ్గు మందు కలిపినంత శ్రద్ధగా కలిపాడు. పచ్చరంగు కింద నుంచి తేనెరంగు చెక్క బయటపడిన రోజున ఇద్దరూ దాని మీద చెయ్యి వేసి చాలాసేపు తియ్యలేదు.

ఆ తర్వాతే దెయ్యం పట్టినట్టయింది. బిగించిన మడతబందు తెల్లారేసరికి వదులైపోయేది. సమంగా నిలబెట్టిన బల్ల మర్నాటికి కుంటేది. ఆరిందనుకున్న వార్నిష్ మీద ఎక్కడివో గీతలు తేలేవి. పని నత్తతో పందెం వేసి ఓడిపోయేలా ఉంది.

ఇళ్ళల్లో ఆడవాళ్ళు విసిగిపోయారు. గుమాస్తా భార్య టీ తెచ్చినప్పుడల్లా ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, ఈ చెక్కపొట్టు తనింకా ఎన్నాళ్ళు మింగాలని సణిగేది. కాంపౌండరు భార్య కిటికీలోంచి, ఆ బల్ల పూర్తయ్యేలోపు మొక్క నాటి, పెంచి, కొట్టించి, కొత్త బల్లే చేయించుకోవచ్చనేది.

గుమాస్తాకు మనసులో ఒక అనుమానం. స్నేహితుడి చూపు మందగించింది, కళ్ళజోడు పెట్టుకోవడానికి నామోషీ. కాంపౌండరుకు ఇంకో అనుమానం. వీడు ఎవరి పనినీ ఒక పట్టాన ఒప్పుకోడు, చాటుగా విప్పి మళ్ళీ చేస్తున్నాడు. ఇన్నాళ్ళూ మొహమాటానికి మింగి ఊరుకున్నవి ఈరోజు బొటనవేలి నొప్పితో బయటికొచ్చాయి.

"ఆఫీసులో అందరి డ్రాఫ్టులూ కొట్టేసి తిరగరాసేవాడివిగా. ఇక్కడా అదే చేస్తున్నావు," అన్నాడు కాంపౌండరు.

"నీ చేతి పని నిలబడేదైతే నాకా కర్మ ఎందుకురా?"

కాంపౌండరు ఉప్పుకాగితం నాలుగు మడతలు పెట్టి బల్ల మీద ఉంచాడు. చేతులు తుడుచుకుని తనింట్లోకి వెళ్ళిపోయాడు.

షెడ్డుకు తాళం పడింది. గుమాస్తా ఇంట్లో ఊరికే కూర్చోలేక వంటింట్లోకి వెళ్ళాడు. డబ్బాలన్నిటికీ చీటీలు అంటించి, వాటిని ఎత్తుల వారీగా సర్దాడు. కూరలో నూనె కొలిచి పొయ్యమన్నాడు. గోడకవతల కాంపౌండరు, భార్య తుమ్మితే థర్మామీటరు, కూర్చుంటే బీపీ మిషను పట్టుకుని తయారయ్యాడు. ఉప్పు డబ్బా ఎక్కడ దాచాడో ఎంతకీ చెప్పలేదు.

అయినా రోజూ టీ వేళకు ఇద్దరూ చెరో కిటికీలోంచి షెడ్డు వైపే చూసేవారు. ఒకరి కంట ఒకరు పడగానే తల తిప్పుకునేవారు.

వారం తిరక్కుండానే ఆడవాళ్ళిద్దరూ ప్రహరీగోడ దగ్గర నిలబడి చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆ రాత్రి భోజనాల దగ్గర రెండిళ్ళల్లోనూ ఒకటే మాట వినిపించింది. తప్పు ఎవరిదీ కాదు, షెడ్డు కప్పు కారుతోంది, చెమ్మకు చెక్క ఉబ్బి, ఎండకు ముడుచుకుని బిగింపులు వాటంతటవే వదులవుతాయట. తిట్టుకోవడానికి చెమ్మ దొరకడంతో మొగుళ్ళిద్దరి గుండెల మీది బరువు దిగింది.

పొద్దున్నే గుమాస్తా కుంటుకుంటూ వెళ్ళేసరికి షెడ్డు తలుపు తీసే ఉంది. కాంపౌండరు బల్ల తుడుస్తున్నాడు. ముక్కు మీద కళ్ళజోడు ఉంది.

"వేలెలా ఉంది?"

"నల్లబడింది."

"ఏదీ, చూపించు."

కాంపౌండరు గొంతుక్కూర్చుని వేలు అటూ ఇటూ నొక్కి, విరగలేదన్నాడు. గుమాస్తా సుద్దముక్క తీసి అతని చేతికిచ్చాడు. క్షమాపణలు అంతటితో అయిపోయాయి.

ముందుగా కప్పుకు తారు పూశారు. ఆ తర్వాత బిగించింది బిగించినట్టే ఉంది, పూసింది పూసినట్టే మెరిసింది. చూస్తుండగానే బల్ల పూర్తయింది. సొరుగులు వెన్నలో జారినట్టు జారుతుంటే వాటిని తీసి వేసి, తీసి వేసి మురిసిపోయారు. కాసేపటికి ఆ సంబరం కూడా ఆరిపోయింది.

"రేపట్నుంచి ఏం చేద్దాంరా?" అన్నాడు కాంపౌండరు నీరసంగా.

అంతలో గేటు ముందు తోపుడుబండి ఆగింది. బండి నిండా పెద్ద చెక్క బీరువా ఒకటి. తలుపులు వేలాడుతున్నాయి, ఒక కాలు లేదు, ఒంటి నిండా నీలిరంగు. బండి వెనకాల ఆడవాళ్ళిద్దరూ నడుచుకుంటూ వస్తున్నారు.

మీ ఇద్దరి ముచ్చటా చూశాక ఉండబట్టలేక మేమే కొన్నామని గుమాస్తా భార్య చెప్పింది. గుమాస్తా కళ్ళు తుడుచుకున్నాడు. ఇన్నాళ్ళూ ఈ పనంటే నీకు చిరాకనుకున్నానని భార్యతో అన్నాడు. కాంపౌండరు అప్పుడే గోటితో నీలిరంగు గీకుతున్నాడు.

మొగుళ్ళిద్దరూ చెరోవైపు పట్టి బీరువాను షెడ్డులోకి మోసుకెళుతుంటే, గుమాస్తా భార్య పక్కావిడ చెవిలో గుసగుసలాడింది.

"ఈసారి విప్పే వంతు మీది, వదినా."