ఇప్పల కింది చేను

జేసీబీ నేరుగా బొజ్జయ్య చేనుకే వచ్చి ఆగింది. దారి అడగలేదు, వెతుక్కోలేదు. జీపు దిగిన ఫారెస్టు ఆఫీసరు ఫోన్లో మ్యాపు మీది చుక్కను చూసుకుంటూ నడిచి, పెద్ద ఇప్పచెట్టు కింద నిలబడ్డాడు.

"ఇక్కడే. ట్రెంచి కొట్టండి" అన్నాడు.

బొజ్జయ్య ఉరికొచ్చి జేసీబీకి అడ్డం నిలబడ్డాడు. "సారూ, మా తాత కాడ్నించి దున్నుకుంటున్నం. ఇన్నేండ్లు రాలే. ఇప్పుడు మీకెవరు చెప్పిండ్రు?"

"ఎవరు చెప్తే నీకెందుకు? పట్టా ఉందా?"

"దరఖాస్తు పెట్టినం సార్."

"పట్టా వచ్చినంక మాట్లాడుదాం, జరుగు."

దుమ్ముగూడెం అవతల అడవిలో ఉంటుంది ఆ కోయగూడెం. అక్కడ ఎవరికీ పట్టా లేదు, ఉన్నవన్నీ పోడు చేలే. అడవి కొట్టి చేను చేసిన తాతలు ఇప్పచెట్టు మీద మాత్రం గొడ్డలి వెయ్యలేదు. పువ్వు కడుపు నింపుతుంది, కాయ నూనెనిస్తుంది, దాన్నెవరు కొడతారు? కింద జొన్న, కంది పండుతుంటే పైన ఇప్పలు గొడుగు పట్టాయి. గుట్టెక్కి చూసినవాళ్లకు అడవే కనబడేది. ఎంతమంది ఆఫీసర్లు మారినా ఆ చేలు ఎవరి కంటా పడలేదు.

సాయంత్రానికి చేను చుట్టూ ట్రెంచి పూర్తయింది. వానలు పడగానే మొక్కలు నాటుతామని, లోపల అడుగుపెడితే కేసేనని చెప్పి వెళ్లారు. ఆ వారంలోనే గూడెంలో ఇంకో నాలుగు చేలు పోయాయి. అన్నీ ఇప్పల కింది చేలే.

చెప్పింది ఇంటి మనిషేనని గూడెం తేల్చేసింది. ఇప్పల కింద చేనుందని బయటివాళ్లకు ఎట్లా తెలుస్తుంది? అందరి చూపూ ముత్తయ్య మీద పడింది. బొజ్జయ్య చెల్లెలి మొగుడు. ఫారెస్టులో రోజుకూలీ వాచరు. అనుమానించడానికి ఆ ఖాకీ చొక్కా చాలదా?

"నేను చెప్పలే బావా. నా పిల్లల మీద ఒట్టు" అన్నాడు ముత్తయ్య, బొజ్జయ్య గుమ్మం ముందు నిలబడి.

"ఆ చొక్కా తొడిగిననాడే నువ్వు మాకు లేవు. పో."

భూమి పండుగనాడు దేవతకు చూపించిన విత్తనాలు ఇంటింటికీ పంచుతారు. ఈసారి ముత్తయ్య ఇంటికి పిడికెడు కూడా పంపలేదు. చేట పట్టుకుని గుమ్మంలో చాలాసేపు నిలబడ్డ చెల్లెలు చివరికి లోపలికి వెళ్లిపోయింది. బొజ్జయ్య చూసి కూడా మొహం తిప్పుకున్నాడు. అసలు పంచుకున్నవాళ్లకు మాత్రం చల్లుకోవడానికి చోటెక్కడుంది? అయినా పంచుకున్నారు, మూటలు కట్టి చూరుకు వేలాడదీశారు.

మండలాఫీసుకు తిరిగారు. భద్రాచలం వెళ్లి పెద్దాఫీసరు గుమ్మం ముందు ఎండలో కూర్చున్నారు. రేపు రమ్మన్నారు. మర్నాడూ అదే మాట.

ఇక మిగిలింది బొజ్జయ్య భార్య జంపక్క మాటొక్కటే. "సోని రానీ. సార్లకు చెప్తది."

సోని బొజ్జయ్య, జంపక్కల ఒక్కగానొక్క కూతురు. గురుకులంలో పదో తరగతి రాసింది. సెలవుల్లో హైదరాబాదు ఇంజనీరింగు కాలేజీలో ఇంటర్న్‌షిప్‌కు ఎంపికైంది. ఆ మాట గూడెంలో ఎవరికీ నోరు తిరగలేదు. ఎండాకాలం ఉద్యోగం అని సరిపెట్టుకున్నారు. వెళ్లేముందు తల్లికి సాయంగా, మోడైన ఇప్పల కింద రాలిన ఆకులూడ్చి తగలబెట్టింది. చెట్టు చుట్టూ కాలి నల్లబడ్డ నేల మీద రాలిన పువ్వు తెల్లగా కనబడుతుంది, ఏరుకోవడం తేలిక. ఏరిన పువ్వు ఎండబెట్టి మరీ బస్సెక్కింది.

మొదట్లో బొజ్జయ్య సిగ్నల్ కోసం గుట్టెక్కి ఫోను చేసేవాడు.

"ఏం పని బిడ్డా ఆడ?"

"కంప్యూటర్‌కు చదువు చెప్తున్న నాయినా. అన్నీ తప్పులే చెప్తది, ఒకటో తరగతి పిల్లలెక్క."

"మాకు చెప్పే దిక్కు లేదు గానీ కంప్యూటర్‌కు చెప్తున్రా!" అని పడీ పడీ నవ్వాడు. గూడెమంతా చెప్పుకుని మురిసిపోయాడు.

చేను పోయాక మళ్లీ గుట్టెక్కలేదు. తెలిస్తే పిల్ల చదువొదిలి వచ్చేస్తుందని జంపక్క వద్దంది.

"పెద్ద పెద్ద సార్ల పక్కన కూసుంటది. ఆల్లొక్క ఫోను కొడితే చాలు" అనేది. పెద్ద సార్లు గూడెం కోసం ఫోను కొట్టిన రోజు బొజ్జయ్య చూడలేదు. అయినా ఊఁ అనేవాడు. కాదంటే ఇంక ఆ ఇంట్లో మాట్లాడుకోవడానికేమీ లేదు.

సోని వచ్చింది. మెరిసే షీల్డు గుండెలకు హత్తుకుని ఆటో దిగింది. చేలు పోయినవాళ్లంతా బొజ్జయ్య వాకిట్లో చేరారు. జంపక్క ఎవర్నీ నోరెత్తనివ్వలేదు. ముందు పిల్లను తిననియ్యండంది. ఉడికించిన ఇప్పపువ్వు ఆకులో పెట్టింది. సోని నోట్లో వేసుకుంటూనే నవ్వింది. చిక్కినా కళ్లలో వెలుగుంది. ఆ వెలుగు చూసి బొజ్జయ్యకు కూడా, చాలా రోజుల తర్వాత, ఏదో ఆశ పుట్టింది.

"ఆ సార్లు నీ మాట ఇంటరా బిడ్డా?"

"అవ్ నాయినా! మొత్తం అందర్ల నా మాటే ఇన్నరు. అందుకే ఫస్టు ప్రైజు నాకిచ్చిండ్రు."

వాకిట్లో అందరూ ముందుకు జరిగారు. బొజ్జయ్య బిడ్డ పక్కన కూర్చున్నాడు. "గంత గొప్ప మాట ఏం చెప్పినవే?"

సోని షీల్డు తండ్రి ఒళ్లో పెట్టింది.

"ఆకాశంలకెల్లి తీసిన ఫొటోలల్ల కంప్యూటర్ అంతా అడివే అనేది నాయినా, ఇప్పల కింద కాల్చిన నల్లగుండ్రాలుంటే అది అడివి కాదు, చేను అని నేనే నేర్పిన!"