మెడ చాచి జారిన తాబేలు

కొండవాగు పక్కన ఒక తాబేలు ఉండేదండీ. నెత్తిన ఎండుటాకు రాలినా సరే, తల డిప్పలోకి లాగేసుకునేది! ఆ పిరికితనం మీద దానికే రోత పుట్టింది. నీటికుక్కలు సరదాగా జారే జలపాతం మీంచి తానూ జారాలని, పొద్దుటినుంచీ పాకి పాకి కొండెక్కింది.

జారింది కూడా! మడుగులో దబ్బున పడి, అప్పుడు తల బయటపెట్టి, "చూశారా!" అంది గర్వంగా.

ఒడ్డున ఓ కప్ప పకపకా నవ్వింది. "ఏం చూడాలి మామా? తల లోపల దాచుకుని వచ్చావు. బండరాయీ అలాగే దొర్లుతుంది."

తాబేలుకు ఒళ్లు మండిపోయింది. "నోర్ముయ్! డిప్పంతా గీసుకుపోయింది నాకు! ఒడ్డున కూచుని తీర్పు చెప్పడానికి నువ్వెవడివిరా?"

తిట్టుకుంటూనే మళ్లీ కొండెక్కింది. ఈసారి మెడ సాంతం చాచి, కళ్లు తెరుచుకుని, కిందిదాకా కెవ్వుమని అరుస్తూ జారింది.

"భయపడ్డావుగా మామా!" అంది కప్ప.

"పడ్డాను! అయితే ఏంటట? నువ్వు దూకి చూపించు, అప్పుడు మాట్లాడు!"

తాబేలు అలా కేకలేస్తుండగానే ఎండుటాకొకటి వచ్చి దాని నెత్తిన పడింది. ఆ కోపంలో అది తల లోపలికి లాక్కోవడమే మరిచిపోయిందండీ!