రెక్కలో ఏడుపు

తుక్కు షావుకారు చేతిలో మొదట ఉన్నవి రెండే. తూకానికి కొన్న ఒక నల్లటి విమానం రెక్క, దాని గురించి ఊరంతా గుసగుసగా చెప్పుకునే కథ.

రెక్క కన్నా కథకే గిరాకీ ఎక్కువని అతను మొదటి రోజే పసిగట్టాడు. అందుకే దాన్ని కోయించలేదు. దుకాణం ముందు రెండు దిమ్మెల మీద నిలబెట్టాడు.

గాలి వీచినప్పుడల్లా ఆ రెక్క మూలిగేది.

"వింటున్నారా? ఎగరలేకపోయిన పైలట్ ఉసురది," అనేవాడు చూడవచ్చినవాళ్లతో. "రహస్యంగా మూడు విమానాలు చేశారట. రెండు ఎగిరెళ్లి తిరిగి రాలేదట. ఈ మూడోదాన్ని నేల మీదే చంపేశారు."

"ఎవరు?"

"తనిఖీ చేసేవాడొకడు. ఎగిరే రోజు పొద్దున సంతకం పెట్టనని మొండికేశాడు. పగులుందని వంక. ఇంకెవరికీ కనపడని పగులు! శత్రువుల దగ్గర బాగా మేసుంటాడు. విమానం ఆగింది, కార్ఖానా మూతపడింది. అందులో రెండో సీటు మా నాన్నది. మీటర్లు చూసే పని. ఆకాశంలో ఉండాల్సిన మనిషి ఇక్కడ కూర్చుని తుక్కు తూచాడు. పోయేదాకా ఆ తేదీ వస్తే చాలు, సంతకం పెట్టని ఆ చేతిని తిట్టిపోసేవాడు."

వచ్చినవాళ్లు చప్పరించేవారు. రెక్కతో ఫొటో దిగి వెళ్లేవారు.

ఒక ముసలాయన మాత్రం వారం వారం వచ్చేవాడు. ఫొటో అడగడు, కథ అడగడు. రెక్క మీద ఒకే చోట వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి నిలబడేవాడు.

"ఏంటి పెద్దాయనా, తలుపు తీస్తారనుకుంటున్నారా?"

"తీస్తారేమోనని ఆశ బాబూ."

ఒకరోజు నోరు విప్పాడు. "ఇక్కడ జానెడు మేర రంగు గీకనిస్తారా?"

"రంగు పోతే నా రెక్క పోయినట్టే. జనం వచ్చేది ఆ నలుపు చూడ్డానికే. కావాలంటే మొత్తం కొనుక్కుని గీక్కోండి."

ధర విని ముసలాయన చేతి గడియారం విప్పాడు. "ఇది తీసుకుంటారా?"

"నడుస్తుందా?"

"నేను నడిచినన్నాళ్లూ నడుస్తుంది."

షావుకారు నవ్వి వెనక్కిచ్చేశాడు. ఆ నవ్వుతోనే బేరం చెడిపోయింది.

"ఆ తనిఖీ మనిషి ఇప్పుడెక్కడున్నాడంటారు?" అడిగాడు ముసలాయన.

"ఏ మేడలోనో కాలు మీద కాలేసుకుని ఉండుంటాడు."

ముసలాయన కుట్లు పడ్డ తన చెప్పుల వంక చూసుకున్నాడు. "నలభై ఏళ్లు అందరూ లేదు లేదంటే, చూసిన కళ్లకే అనుమానం వస్తుంది బాబూ. ఒక్కసారి తేలిపోతే బాగుండేది."

తర్వాత మూడు వారాలు ఆయన రాలేదు. రెక్క మాత్రం మూలుగుతూనే ఉంది. ఎందుకో షావుకారుకి అది తననే ఏదో అడుగుతున్నట్టు అనిపించసాగింది.

నాలుగో వారం ఒకావిడ వచ్చింది. చేతిలో బొటనవేలంత ఇత్తడి సుత్తి.

"మీ దగ్గరకి ఒక పెద్దాయన వచ్చేవారు కదండీ, ఆయన కూతుర్ని. నాన్న పోయారు. ఇది మీకిమ్మన్నారు. పాత గిన్నె కొనేటప్పుడు ఎలా కొట్టి వింటారో, రెక్కనీ అలా వినమన్నారు."

షావుకారు తెల్లబోయాడు. కొట్టి చూడకుండా అతను గరిటె కూడా కొనడు. ఈ ఒక్కదాన్నే, దాని కథ విని కొన్నాడు.

ఒక చోట కొట్టాడు. ఖణేల్మంది.

ఇంకోచోట. ఖణేల్.

ముసలాయన వేలికి అరిగి నున్నగా మెరుస్తున్న చోట కొట్టాడు. పగిలిన గిన్నెలా బొంగురుగా పలికింది.

తనే గీకుడు కత్తి తెచ్చాడు. నలుపు పెచ్చులుగా లేచింది. కింద పూడ్చిన మైనం ఎండి, ఒక కొసన సందు విడిచి ఉంది. మైనం ఊడదీస్తే జానెడు పగులు.

గాలి వీచింది. రెక్క ఏడ్చింది.

పగులుకి అరచెయ్యి అడ్డం పెట్టాడు. ఏడుపు ఆగిపోయింది.

"ఉందాండీ?" కూతురు దగ్గరికి వచ్చింది. "ఉందో లేదో తెలిస్తే, ఇంట్లో తన ఫొటో ముందు నిలబడి చెప్పమన్నారు."

"ఉందమ్మా."

పగులు చుట్టూ ఎర్ర పెన్సిల్ గీత. దాని పక్కన నాలుగు మాటలు: "పగులు. ఎగిరితే ఇద్దరూ దక్కరు." కింద తేదీ, సంతకం.

"నాన్న చేతిరాతే," అంది కూతురు.

ఆ తేదీ షావుకారుకి కంఠతా వచ్చు. ఏటా తండ్రి నోట విన్నదే.

ఆమె వెళ్లిపోయాక, చెయ్యి పగులు మీంచి తీయకుండానే లెక్క చూసుకున్నాడు: కథ పోయింది, నలుపు పోయింది, మిగిలింది ఆ తేదీ తర్వాత నాన్న బతికిన ముప్పై ఏళ్లు, ఆ తేదీకి పదకొండు నెలల తర్వాత పుట్టిన తను.